ఎనిమిది గంటలకా? ఎనిమిది గంటలకొకసారా?



ఈసారి రక్తపోటు గురించి కాక, మధుమేహం గురించి కాక, తేదీల గురించి, గంటల గురించి వ్రాస్తున్నాను. వైద్యుడికి క్యాలెండరుతోనూ గడియారంతోనూ ఏమి పని అని మీకు అనిపించవచ్చు. కానీ మందు ఎంత మోతాదులో వేసుకోవాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వేసుకోవాలన్నదీ అంతే ముఖ్యం. ఆ ‘ఎప్పుడు’ అనే మాటను ఈ రోజులలో మనకు చెబుతున్నది ఎక్కువగా కంప్యూటరే. అది మన భాషలో సరిగ్గా చెబుతున్నదా అన్నదే నా ప్రశ్న.

తార్నాకలో మా వీధి చివరి ఇంటిలో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ ఉంటారు. ఆవిడకు పాతకాలపు మధుమేహం. కాలికి చిన్న గాయమై, దాని చుట్టూ ఎర్రబారి వాచింది. చూపించుకున్న చోట ఐదు రోజులకు పదిహేను యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. మందుల వివరం కాగితం మీద కాక నేరుగా ఫోనుకు వచ్చింది. భాషను తెలుగుగా ఎంచుకునే వీలు ఉండటంతో మనవడు నాయనమ్మకు సులువుగా ఉంటుందని తెలుగే ఎంచుకున్నాడు. ఆరవ రోజున వాపు తగ్గలేదని నన్ను పిలిపించారు.

వెళ్ళి కాలు చూశాను. తరువాత నా పాత అలవాటు ప్రకారం, మాత్రలు ఎన్ని మిగిలాయని అడిగాను. ఐదు మిగిలాయి. ఐదు రోజులలో పది మాత్రలే వేసుకున్నారన్నమాట. ఎందుకమ్మా అలా అని అడిగితే ఆవిడ నొచ్చుకున్నారు. “డాక్టర్ సాబ్, ఫోనుల ఎనిమిది గంటలకు ఏసుకోమని ఉన్నది. పొద్దుగాల ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. ఒక్కనాడు గూడ తప్పలే” అన్నారు.

ఫోను తీసి చూశాను. “ప్రతి 8 గంటలకు 1 మాత్ర. 5 రోజులు” అని ఉంది. ఇంగ్లీషులో వైద్యుడు ఉద్దేశించినది ఎనిమిదేసి గంటల వ్యవధి, అంటే రోజుకు మూడు మాత్రలు. దాన్ని మాటకు మాటగా మార్చిన యంత్రం తెలుగులో ‘గంటలకు’ అన్న రూపం వాడింది. తెలుగులో ‘ఎనిమిది గంటలకు’ అంటే గడియారం ఎనిమిది కొట్టినప్పుడు అని సామాన్యార్థం. బస్సు ఎనిమిది గంటలకు వస్తుంది, పెళ్ళి ఎనిమిది గంటలకు. గడియారం రోజుకు రెండుసార్లు ఎనిమిది కొడుతుంది కనుక ఆవిడ రెండుసార్లు వేసుకున్నారు. ఆవిడ చదివినది శుద్ధమైన తెలుగు, చేసినది సరియైన అన్వయం. తప్పు వ్రాసినవారిది. ‘8 గంటలకొకసారి, రోజుకు 3 మాత్రలు’ అని వ్రాసి ఉంటే ఈ గొడవ లేదు.

కాలు నయమైంది. మధుమేహం ఉన్నవారికి అది నయం కాక ఎముక దాకా పాకితే ఏమవుతుందో నలభై ఏళ్ళుగా చూసినవాడిని కనుక, ఆ ఒక్క విభక్తి ప్రత్యయం నన్ను కొన్ని రాత్రులు కలత పెట్టింది.

ఒకే అంకెలు, రెండు తేదీలు

రెండవ ఉదాహరణ నా ఉదయపు నడకలో ఎదురైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో, ఆర్ట్స్ కళాశాల వైపు చెట్ల నీడన నడిచే విశ్రాంత ఉద్యోగులు చాలామంది. మా బృందంలోని ఒకాయన 2023లో ఆరు నెలలు అమెరికాలో కూతురి దగ్గర ఉండి, అక్టోబర్ మొదటి వారంలో తిరిగి వచ్చారు. ఆయనకు గుండె లయ తప్పే జబ్బు ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఈ మందు వాడేవారు ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షను వైద్యుడు చెప్పిన వ్యవధిలో తప్పక చేయించుకోవాలి. ఫలితం తక్కువైతే గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చు, ఎక్కువైతే రక్తస్రావం కావచ్చు.

అక్కడి వైద్యులు ఇచ్చిన కాగితంలో తదుపరి పరీక్ష 10/11/2023 అని అచ్చయి ఉంది. ఆయన నవంబర్ 10 అని చదువుకున్నారు. మనమందరమూ అలాగే చదువుతాము. అమెరికాలో నెల ముందు, తేదీ తరువాత. వారు వ్రాసినది అక్టోబర్ 11. అక్టోబర్ చివరలో పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుండి రక్తం ఆగలేదు, చేతుల మీద నీలి మచ్చలు కనిపించాయి. పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది. సమయానికి గుర్తించాము కనుక సర్దుకున్నది. అదే రక్తస్రావం మెదడులో జరిగి ఉంటే?

ప్రపంచంలో తేదీ వ్రాసే పద్ధతులు ప్రధానంగా మూడు. మనమూ బ్రిటన్ వారూ తేదీ, నెల, సంవత్సరం అనే వరుసలో వ్రాస్తాము. అమెరికా వారు నెల, తేదీ, సంవత్సరం అంటారు. చైనా, జపాన్, కొరియా దేశాలవారు సంవత్సరం, నెల, తేదీ అని పెద్దదాని నుండి చిన్నదానికి వస్తారు. ఈ గందరగోళాన్ని తొలగించటానికే 1988లో ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. దాని ప్రకారం పైన చెప్పిన పరీక్ష తేదీ 2023-10-11. యంత్రాలు తమలో తాము మాట్లాడుకోవటానికి ఇది చక్కని పద్ధతి. కానీ మనిషికి అన్నిటికన్నా నిక్షేపమైనది నెలను అక్షరాలలో వ్రాయటం. ‘11 అక్టోబర్ 2023’ అని వ్రాస్తే న్యూజెర్సీలోనైనా తార్నాకలోనైనా ఒకటే అర్థం.

కోవిడ్ కాలంలో మనమందరమూ వాడిన కోవిన్ సంగతి గుర్తు చేసుకోండి. 2021 సెప్టెంబర్‌లో మన టీకా ధ్రువపత్రాల విషయంలో బ్రిటన్‌తో చిక్కు వచ్చినప్పుడు చర్చకు వచ్చిన అంశాలలో పుట్టిన తేదీ ఒకటి. మన పత్రంలో పుట్టిన సంవత్సరం ఆధారంగా వయస్సు మాత్రమే ఉండేది, విదేశాలు పూర్తి పుట్టిన తేదీని కోరాయి. ఆ తరువాత విదేశీ ప్రయాణికుల కోసం పూర్తి తేదీ చేర్చే సౌకర్యం కల్పించారు. తేదీ ఎలా వ్రాయాలన్న ‘చిన్న’ విషయం దేశాల మధ్య రాయబారం దాకా వెళ్ళగలదనటానికి ఇది నిదర్శనం.

ఈ నేలకు ఈ చిక్కు కొత్త కాదు

నేను నడిచే ప్రాంగణమే ఇందుకు సాక్షి. ఆర్ట్స్ కళాశాల భవనానికి ప్రారంభోత్సవం 1939 డిసెంబర్ 4న జరిగిందని మనం చెప్పుకుంటాము. ఆనాటి హైదరాబాదు రాజ్యపు అధికారిక లెక్కలో అది ఫసలీ 1349. ఫసల్ అంటే పంట. భూమిశిస్తు వసూలుకు అనువుగా మొగలుల కాలంలో పుట్టిన లెక్క ఇది. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబర్ 6 ప్రాంతంలో ఆజూర్ మాసంతో మొదలయ్యేది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర ప్రాంతంలో మాత్రం ఫసలీ జులై 1న మొదలయ్యేది. పేరు ఒకటే, అంకె ఒకటే, ఆరంభం వేరు. కృష్ణానదికి ఈవలా ఆవలా సంవత్సరపు సరిహద్దు మూడు నెలల తేడాతో ఉండేదన్నమాట. నేటికీ మన తెలంగాణ భూమిశిస్తు చట్టం పేరులో 1317 ఫసలీ అనే ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో వయస్సు నిర్ధారణ కోసం వచ్చేవారు పాత కాగితాలు తెచ్చేవారు. వాటిలో పుట్టిన సంవత్సరం 1340 ఫసలీ అని ఉంటే, అది 1930 అక్టోబర్ నుండి 1931 అక్టోబర్ వరకు ఎప్పుడైనా కావచ్చు. నెల చూడకుండా 590 కలిపితే ఒక సంవత్సరం, 591 కలిపితే మరో సంవత్సరం. ఒక మనిషి ఉద్యోగ విరమణా పింఛనూ ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉండేవి. లెక్క తెలిసిన గుమాస్తా ఒకరు పక్కనుంటే పని జరిగేది. ఇప్పుడు ఆ గుమాస్తా స్థానంలో సాఫ్ట్‌వేర్ కూర్చున్నది. అతనికి తెలిసినదంతా దానికీ తెలియాలని కోరటం అత్యాశ కాదు.

రాత్రి రెండు గంటలు ఏ రోజుకు చెందుతాయి?

తేదీ తరువాత గంటలకు వస్తాను. ఇంగ్లీషు గడియారం రోజును రెండు ముక్కలు చేసి ఏ.ఎం., పి.ఎం. అంటుంది. మన భాషలో రోజుకు అంతకంటే ఎక్కువ పేర్లున్నాయి. తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, అర్ధరాత్రి. మా ప్రాంతపు పల్లెలలో పొద్దుగాల అంటారు, పొద్దుమీకి అంటారు. ఏ మాట ఏ గంటలకు వర్తిస్తుందో ఎవరూ మనకు నేర్పలేదు, అయినా ఎవరమూ పొరపడము.

మీ ఫోను తెలుగులో తేదీని, వారాన్ని, నెల పేరును చూపించినప్పుడు అది చాలా సందర్భాలలో ఒక ఉమ్మడి భాండాగారం నుండి ఆ మాటలను తీసుకుంటుంది. దాని పేరు కామన్ లొకేల్ డేటా రిపాజిటరీ. యూనికోడ్ కన్సార్టియం దానిని నిర్వహిస్తుంది. ప్రతి భాషలో నెలల పేర్లేమిటి, వారాల పేర్లేమిటి, తేదీ ఏ వరుసలో వ్రాయాలి, రోజులోని ఏ భాగాన్ని ఏమంటారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. అది ఎంతో విలువైన పని. అందులో తెలుగుకు రోజును నాలుగు భాగాలు చేశారు. ఉదయం 6 నుండి 12 వరకు ‘ఉదయం’, అక్కడి నుండి సాయంకాలం 6 వరకు ‘మధ్యాహ్నం’, 6 నుండి 9 వరకు ‘సాయంత్రం’, 9 నుండి మరునాడు ఉదయం 6 వరకు ‘రాత్రి’.

ఈ పట్టిక ప్రకారం ఐదు గంటలకు ‘మధ్యాహ్నం 5’ అనవలసి వస్తుంది. మనలో ఎవరైనా అలా అంటారా? తెల్లవారుజామున నాలుగున్నర ‘రాత్రి 4:30’ అవుతుంది. ఇక్కడే వైద్యుడికి భయం. ‘మంగళవారం రాత్రి 4:30’ అని చదివిన తెలుగువాడికి అది మంగళవారం గడిచిన తరువాతి రాత్రి అనిపిస్తుంది. ఎందుకంటే మన సంప్రదాయంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. యంత్రానికి రోజు అర్ధరాత్రితో మొదలవుతుంది. రెంటికీ నడుమ తేడా ఒక పూర్తి రోజు. సికింద్రాబాద్ స్టేషన్లో అర్ధరాత్రి దాటాక పదిహేను నిమిషాలకు బయలుదేరే రైలుకు, టికెట్టు మీది తేదీ చూసి ఆ తేదీ రాత్రి వెళ్ళి, బండి నిన్ననే వెళ్ళిపోయిందని తెలుసుకున్నవారు మన బంధువులలో ఒకరైనా ఉంటారు.

రైలు పోతే మరో రైలు ఉంటుంది. శస్త్రచికిత్సకు ముందు ‘12 తరువాత ఏమీ తినరాదు’ అన్న సందేశం విషయంలో ఆ వెసులుబాటు లేదు. ‘17వ తేదీ రాత్రి 12’ అంటే 17 మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసే అర్ధరాత్రా? కడుపు నిండా తిని మత్తుమందు తీసుకుంటే, తిన్నది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది. అందుకే నేను ఎన్నడూ పన్నెండు అని చెప్పేవాడిని కాదు. ‘రేపు బుధవారం, ఆపరేషను. ఈ రోజు మంగళవారం, రాత్రి భోజనం తొమ్మిదిలోపు ముగించండి. ఆ తరువాత ఏమీ తినవద్దు’ అని చెప్పి, వారి చేత తిరిగి చెప్పించుకునేవాడిని. సాఫ్ట్‌వేర్ వ్రాసేవారికీ ఇదే నా సలహా. పన్నెండును తప్పించండి, వారం పేరు వ్రాయండి.

పిల్లల జ్వరం విషయంలోనూ ఇంతే. ‘సోమవారం రాత్రి రెండింటికి మొదలైంది’ అని తల్లి చెబుతుంది. యంత్రంలో అది మంగళవారం. డెంగీ వంటి జ్వరాలలో జ్వరం ఎన్నవ రోజన్నదాని మీదే ఏ పరీక్ష చేయాలి, ఎప్పుడు జాగ్రత్త పడాలి అన్నవి ఆధారపడి ఉంటాయి. ఒక రోజు తేడా అక్కడ చిన్నది కాదు.

వారం, నెల

తెలుగులో ‘వారం’ అనే మాటకు రెండర్థాలు. ఏడు రోజులూ వారమే, వాటిలో ఒక్కొక్క రోజూ వారమే. ‘ఈ రోజు ఏ వారం?’ అని అడుగుతాము కదా. మెథోట్రెక్సేట్ అనే మందు ఉన్నది. కీళ్ళవాతానికి తక్కువ మోతాదులో ఏడు రోజులకు ఒక్కసారే ఇస్తారు. దానిని పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ప్రపంచమంతటా ఇటువంటి మరణాలు సంభవించాయి. దీనికి తెలుగులో ‘ప్రతి వారం’ అని వ్రాసి వదిలివేయటం నాకు సమ్మతం కాదు. ‘ఆదివారం మాత్రమే. మిగిలిన ఆరు రోజులు వేసుకోరాదు’ అని ఉండాలి. యంత్రానికి మరో పంక్తి వ్రాయటం కష్టమేమీ కాదు.

నెలల మాటకు వస్తే, గర్భిణుల లెక్క చూడండి. ప్రసవ తేదీని చివరి నెలసరి మొదటి రోజు నుండి 280 రోజులుగా లెక్కిస్తాము. ఆ మొదటి రోజు ఏది అని అడిగితే, చాలామంది తల్లులు నాతో ఇంగ్లీషు తేదీ చెప్పలేదు. ‘శివరాత్రి ముందునాడు’, ‘బోనాలైన మూడో దినం’ అని చెప్పేవారు. అవి ఎంతో కచ్చితమైన సమాధానాలు. కానీ శివరాత్రి 2024లో మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న వచ్చింది. పండుగను తేదీగా మార్చటానికి గోడ మీద పంచాంగపు క్యాలెండరు కావాలి. అది లేనిచోట రిజిస్టరులో నెల మొదటి తేదీయో పదిహేనవ తేదీయో వేసి ముందుకు పోవటం నేను చూశాను. బిడ్డ నెలలు నిండి పుట్టిందా, ముందే పుట్టిందా అన్న నిర్ణయం ఆ ఊహాతేదీ మీద నిలబడుతుంది. ఆరోగ్య కార్యకర్త చేతిలోని ట్యాబ్‌లో తేదీ పక్కనే ఆ ఏటి పండుగలూ అమావాస్యా పౌర్ణములూ కనిపిస్తే, తల్లి చెప్పిన నిజం నిజంగానే నమోదవుతుంది. నా దృష్టిలో తేదీని స్థానికీకరించటమంటే ఇదే. జనవరిని తెలుగు లిపిలో వ్రాయటం అందులో మొదటి మెట్టు మాత్రమే.

విద్యార్థుల ప్రశ్న

ప్రాంగణంలో పరిచయమైన ఇద్దరు ముగ్గురు కంప్యూటర్ విద్యార్థులతో ఈ మాటలన్నీ అన్నాను. వారిలో ఒకడు మర్యాదగానే ఎదురు చెప్పాడు. “అందరికీ ఇంగ్లీషు తేదీలు అలవాటయ్యాయి కదండీ. ఒక్కో భాషకు ఒక్కో పద్ధతి పెడితే ఇంకా గందరగోళం కాదా?” అన్నాడు.

మంచి ప్రశ్న. నేను వైద్యశాస్త్రం నుండే సమాధానం చెప్పాను. మందుకు శాస్త్రీయమైన పేరు ప్రపంచమంతటా ఒకటే, రోగికి చెప్పవలసిన మాట మాత్రం అతని భాషలో ఉంటుంది. తేదీ కూడా అంతే. యంత్రం లోపల ఒకే ప్రమాణంలో దాచాలి, మనిషికి చూపేటప్పుడు అతనికి పొరపాటు పడే అవకాశం లేని రూపంలో చూపాలి. ఇది మీ శాస్త్రంలో ఉన్న సూత్రమే కదా అంటే, అవునని ఒప్పుకున్నాడు.

అయితే రెండవ పక్షపు అతిని కూడా నేను సమర్థించను. తెలుగు చేయటమంటే ఏ.ఎం.ను ‘పూర్వాహ్నం’, పి.ఎం.ను ‘అపరాహ్నం’ చేయటం కాదు. రాత్రి పది గంటలను ‘అపరాహ్నం 10’ అంటే మా వీధి పెద్దావిడ మాత్ర పక్కన పెట్టి నాకు ఫోను చేస్తారు. అలాగే మన తెలుగు అంకెలు అందమైనవే, కానీ ఈనాడు వాటిని తడుముకోకుండా చదవగలిగినవారు కొద్దిమందే. మోతాదు దగ్గర ‘౨’ వ్రాసి భాషాభిమానం చాటుకోరాదు. నెలల పేర్లను మరీ కుదించినా ముప్పే. ఒక్కొక్క అక్షరానికి కుదిస్తే జూన్ ‘జూ’, జులై ‘జు’ అవుతాయి. శుక్లాలు వచ్చిన కళ్ళకు ఆ దీర్ఘం కనబడుతుందా?

మంచి స్థానికీకరణకు నమూనా కావాలంటే మన మందుల చీటీనే చూడండి. దాని మీద 1-0-1 అని వ్రాస్తాము. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. మందుల దుకాణంలో అట్ట మీద సూర్యుడినీ చంద్రుడినీ గీసి ఇచ్చేవారూ ఉన్నారు. చదువు రానివారికి కూడా అది అర్థమవుతుంది. ఆ పెద్దావిడ ఫోనులో 1-1-1 అని ఉంటే చాలు, పదిహేను మాత్రలూ అయిపోయేవి. నూరేళ్ళ క్రితం ఉస్మానియాలో అనువాద విభాగం పెట్టి, ఆధునిక శాస్త్రాలను దేశభాషయైన ఉర్దూలో బోధించటానికి వేల పదాలు కల్పించారు. మనకిప్పుడు అవసరమైనవి వేల పదాలు కావు. ఒక నలభై చిన్న వాక్యాలు, అవి కూడా పెద్దవాళ్ళ చేత చదివించి సరిచూసినవి, చాలు.

నా విన్నపాలు

సాఫ్ట్‌వేర్ తయారుచేసే మన పిల్లలకు: మీ తెలుగు తెరను విడుదల చేసే ముందు మీ అమ్మమ్మకో తాతయ్యకో చూపించండి. ‘అర్థమైందా?’ అని అడగవద్దు. అయిందనే అంటారు. ‘ఇది చదివి నువ్వేం చేస్తావు?’ అని అడగండి. నేను చెప్పిన ఉమ్మడి భాండాగారంలో తెలుగు వివరాలను సరిదిద్దటానికి ఔత్సాహికులు కూడా పాల్గొని తమ అభిప్రాయం నమోదు చేయవచ్చు. ఈ ప్రాంగణంలో భాషాశాస్త్రం చదివేవారూ కంప్యూటర్ చదివేవారూ ఉన్నారు. తెల్లవారుజాముకు అక్కడ చోటు కల్పించే పని వారు పూనుకుంటే నాకు మహదానందం.

ఇక పాఠకులుగా మీరు ఈ రోజే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

విదేశాల నుండి వచ్చిన వైద్య పత్రాలలోని ప్రతి తేదీని పక్కన నెల పేరుతో తిరిగి వ్రాసుకోండి. సందేహముంటే అక్కడి పిల్లలకు ఫోను చేసి అడగండి.

మన మందుల అట్ట మీద గడువు 11/26 అని ఉంటే అది నవంబర్ 26 కాదు, 2026 నవంబర్. మన దేశ నిబంధనల ప్రకారం ఆ నెల చివరి రోజు వరకు దానిని వాడవచ్చు.

‘ప్రతి 6 గంటలకు’, ‘ప్రతి 8 గంటలకు’ అని కనిపిస్తే, రోజుకు మొత్తం ఎన్ని మాత్రలని వైద్యుడినో మందుల దుకాణంవారినో అడిగి, ఆ అంకెను అట్ట మీద వ్రాసుకోండి.

ఏడు రోజులకొకసారి వేసుకునే మందు ఉంటే, ఏ వారమో నిర్ణయించుకుని ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచండి.

అమెరికా వెళ్ళేటప్పుడు ఫోనులోని గడియారం దానంతట అదే మారిపోతుంది. మన సమయానికీ అక్కడి తూర్పు తీరానికీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలంలో పదిన్నర గంటలు తేడా. ఇన్సులిన్ తీసుకునేవారు బయలుదేరే ముందే మీ వైద్యునితో మాట్లాడి, ప్రయాణపు రోజు మోతాదును కాగితం మీద వ్రాయించుకోండి.

మొన్న ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. కొత్తగా రక్తపోటు మాత్ర మొదలుపెట్టారు. ఫోను పక్కన చిన్న కాగితం ముక్క మీద మనవడి చేతివ్రాత. ‘పొద్దుగాల టిఫిన్ అయినంక ఒకటి. మళ్ళ రేపే.’ ఏ ప్రమాణంలోనూ లేని వాక్యం. ఆవిడ దాని ప్రకారం ఒక్కరోజు కూడా తప్పలేదు.